ఉద్యోగం మారబోతున్న బుజ్జికి

బుజ్జీ,

నువ్వు అకౌంట్స్ ఉద్యోగం మానేసి డేటా అనాలిసిస్‌లోకి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. నేనే నీకు నూరిపోశానని వాడి అనుమానం. నాకేం తెలియదంటే నమ్మలేదు. ముందుగా నాతో ఒక్క మాట అనలేదని నీ మీద కోపం వచ్చింది. అయినా ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మతో ‘మన బుజ్జికి ధైర్యం ఉందే’ అని గొప్పగానే చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలుసు. కొన్ని నెలల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకో, నోటీసు పీరియడ్ పూర్తిచెయ్యి, రాజీనామా లేఖలో కోపం చూపించకు.

నాకు టెన్షన్ పెట్టింది ఆ రెండేళ్ల కోర్సు, దానికోసం తీసుకుంటానంటున్న లోనూ.

ప్రెస్సులో నాతో ఒక కంపోజిటర్ పనిచేసేవాడు. సీసపు అక్షరాలు చేత్తో పేర్చే రోజులు. ఆయన పేర్చిన పేజీ వస్తే ప్రూఫులు దిద్దే నాకు పనే ఉండేది కాదు. సీసం అక్కర్లేకుండా ఫొటో పద్ధతిలో అక్షరాలు కూర్చే ఫొటో టైప్‌సెట్టింగ్ వస్తోందని అందరికంటే ముందు పసిగట్టింది ఆయనే. మిగతావాళ్లు నవ్వుతుంటే ఆయన నేర్చుకున్నాడు. అంతవరకూ భేష్. తర్వాత ఉద్యోగం వదిలి, అప్పుచేసి ఆ యంత్రం సొంతంగా కొన్నాడు. 1985లో కంప్యూటర్ మీదే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆపైన కొన్నేళ్లకే టేబుల్ మీద పట్టే కంప్యూటర్, లేజర్ ప్రింటర్ కలిసి ఆ పెద్ద యంత్రం పనంతా లాగేసుకున్నాయి. అప్పు మాత్రం మిగిలింది.

ఒకసారి అంత సులువుగా మారిన మనిషి రెండోసారి ఎందుకు మారలేకపోయాడు? తెలివి లేక కాదు. ‘ఇంత పెట్టాక ఎలా వదలను?’ అనేవాడు. అలా కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీ పని చేసేవాళ్లను పిల్లకాయలని తీసిపారేసేవాడు. ఆ పిల్లకాయలే పేజీలు పట్టుకుని ఆయన దగ్గరికొచ్చేవారు, పదాల మధ్య ఖాళీ ఎక్కడ తగ్గించాలి, శీర్షిక ఎంత పెద్దగా ఉండాలి అని. కసురుకుంటూనే చెప్పేవాడు. అసలు విద్య అదేనని, ఏ యంత్రం వచ్చినా దానికి గిరాకీ ఉంటుందని ఆయనకు తోచలేదు. నేను చెప్పి చూశాను. కొన్నాళ్లు నాతో మాటలు మానేశాడు.

అందుకే అకౌంట్స్ ‘వదిలేస్తున్నా’నన్న నీ మాట నాకు నచ్చలేదు. లెక్క ఎక్కడ తేడా కొట్టిందో ఇట్టే పట్టే కన్ను నీది. దాన్ని ఎందుకు వదులుతావు? అదే నీతో రావాలి. ఇంటర్వ్యూలో ముందు అదే చెప్పు. అలాగే, ఈ డేటా పనిని కూడా జన్మజన్మల బంధంలా పట్టుకోకు. ఇప్పుడు నేర్చుకునే సాఫ్ట్‌వేర్ నీ కళ్ల ముందే పాతబడొచ్చు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటాడు మీ నాన్న. కొన్నాళ్లు పెట్టమంటాను నేను. సాయంత్రాలు చిన్న కోర్సు ఒకటి చెయ్యి. మీ ఆఫీసులో ఆ పని చేసే టీమ్ ఉంటే అడిగి ఏదైనా రిపోర్టు చేసిపెట్టు. ఆ పనిలో ఉన్నవాళ్లను జీతం గురించి తర్వాత అడుగు, ముందు రోజూ విసుగు పుట్టించేదేమిటో అడుగు. చిందరవందరగా ఉన్న డేటాను శుభ్రం చేయడానికే చాలా సమయం పోతుందట. ఆ విసుగు భరించగలనని తేలాక రాజీనామా సంగతి చూద్దాం.

నీకెప్పుడూ పుస్తక ప్రమాణం కావాలి కదా. 1999లో జాన్ క్రంబోల్ట్జ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త మరో ఇద్దరితో కలిసి ఒక వ్యాసం రాశాడు. ఉద్యోగ జీవితంలో అనుకోకుండా ఎదురయ్యేవాటిని అవకాశంగా మలచుకోవడం నేర్చుకోవాలని, దానికి కుతూహలం, పట్టుదల, సర్దుకుపోయే గుణం, ఆశాభావం, తెగింపు కావాలని అందులో ఉంది. నీకు పట్టుదల చిన్నప్పటి నుంచీ ఎక్కువే. మోకాళ్లు చీరుకుపోయినా సైకిల్ దిగేదానివి కాదు. అప్పట్లో మురిసిపోయినవాణ్ని, ఇప్పుడు దానికే భయపడుతున్నాను.

మీ నాన్నతో నేను మాట్లాడతాలే. లోన్ కాగితాలు మాత్రం సంతకం పెట్టకముందే నాకు పంపు. కళ్లజోడు మార్పించుకున్నాను, అడుగున ఉండే చిన్న అక్షరాలు కూడా చదవగలను.

మీ పెదనాన్న