కరెంటు సామానంతా ఒకే సప్లయరైతే

ప్రశ్న: కృష్ణపట్నం దగ్గర కడుతున్న ఫ్యాక్టరీకి ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేర్ (కరెంటును కలిపే, ఆపే పరికరాలు), ప్యానెళ్లు అన్నీ ఒకే కంపెనీకి ఆర్డరిచ్చాం. వాళ్లు ఆలస్యం చేస్తే మా పనంతా ఆగిపోతుందండీ. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– సైట్ ఇంజినీరు, ముత్తుకూరు

జవాబు: ముందు డ్రాయింగులు పట్టుకోండి. ప్యానెల్ కొలతలు, కేబుల్ పైనుంచి వస్తుందా కిందనుంచా అన్నది తేలకుండా సివిల్ వాళ్లు ట్రెంచ్ తవ్వితే తర్వాత కాంక్రీటు పగలగొట్టాల్సిందే. అందుకే అడ్వాన్సు తర్వాతి చెల్లింపును డ్రాయింగుల ఆమోదానికి ముడిపెట్టండి. మీవైపు నుంచి కూడా ఆలస్యం ఉండకూడదు. వచ్చిన డ్రాయింగు వారంలో తిరిగి పంపాలి.

మీది సముద్రపు గాలి. 132 కేవీ బుషింగులకు (ట్రాన్స్‌ఫార్మర్ పైన కరెంటు తీగను బయటికి తెచ్చే ఇన్సులేటర్లకు) కేవీకి 31 మి.మీ. క్రీపేజ్, అంటే ఇన్సులేటర్ ఉపరితలం వెంట కొలిచే దూరం, అడగండి. ఈ లెక్క 132 కేవీ వ్యవస్థ గరిష్ఠ వోల్టేజి 145 కేవీ మీద కాబట్టి 4,495 మి.మీ. రావాలి. కేవీకి 25 లెక్కన 3,625 మి.మీ.వే పంపితే ఉప్పు పేరుకుని, మంచు పడ్డ తెల్లవారుజామున ఫ్లాష్‌ఓవర్ (ఇన్సులేటర్ ఉపరితలం మీదుగా కరెంటు దూకడం) అయ్యే ప్రమాదముంది.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నూనె లేకుండా, నైట్రోజన్‌తోనో పొడిగాలితోనో నింపి వస్తుంది. లారీ మీదుండగానే గేజ్‌లో పీడనం, ఇంపాక్ట్ రికార్డర్ (దారిలో తగిలిన కుదుపులను నమోదు చేసే పరికరం) రీడింగు రాసుకుని డ్రైవరు ముందే సంతకం చేయించండి. పీడనం సున్నా ఉంటే తేమ చేరిందేమోనని అనుమానించాలి. దించాక అడిగితే తప్పు ఎవరిదో తేలదు.

రిలేల (లోపం వస్తే కరెంటు ఆపించే రక్షణ పరికరాల) సెట్టింగుల బాధ్యత సప్లయరుదేనని ఒప్పందంలో రాయించండి. చాలామంది మరిచేది ఇదే.