బటన్ నొక్కితే బొమ్మ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకే చోట తిరిగాయి: డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో బటన్ నొక్కగానే వృత్తమో చతురస్రమో గీయడం ఎలా, గీసింది నిలవడం ఎలా. ఎక్కువ జావా స్వింగ్‌వి, కొన్ని పైథాన్ టీకింటర్‌వి (రెండూ విండోలు, బటన్లు తయారు చేసుకునే లైబ్రరీలు). కోడ్‌లో వచ్చే పేర్లను పలికే తీరులో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే వాడండి, క్యాపిటల్, స్మాల్ తేడా తప్పకుండా చూసుకోండి.

ప్రశ్న: స్వింగ్‌లో వృత్తం, చతురస్రం, గీత అని మూడు బటన్లు పెట్టాను. యాక్షన్‌పెర్ఫార్మ్‌డ్ (బటన్ నొక్కితే నడిచే మెథడ్) లోపల ప్యానెల్.గెట్‌గ్రాఫిక్స్() తీసుకుని డ్రాఓవల్ పిలిస్తే బొమ్మ వస్తోంది. విండో అంచు పట్టుకుని కాస్త లాగగానే మాయమవుతోంది. ఎందుకు? (బీటెక్ రెండో సంవత్సరం, వరంగల్)

జవాబు: మీ వృత్తం ప్రోగ్రాంలో ఎక్కడా నమోదు కాలేదు. గెట్‌గ్రాఫిక్స్() ద్వారా గీసింది పలక మీద సుద్దగీత లాంటిది. విండో సైజు మారితే స్వింగ్ పలక తుడిచేసి, ఆ ప్యానెల్‌లోని పెయింట్‌కాంపొనెంట్ మెథడ్‌ను మళ్లీ పిలుస్తుంది. అందులో మీ వృత్తం ఊసే లేదు కాబట్టి ఖాళీ ప్యానెల్ వస్తుంది. మరో విండో మీదికొచ్చి పోయినప్పుడు బొమ్మ ఒక్కోసారి అలాగే ఉండవచ్చు. అది చూసి కోడ్ సరిగానే ఉందనుకుంటారు. సైజు మార్చి చూడటమే అసలు పరీక్ష.

పని ఇలా పంచండి. బటన్ క్లిక్ ఏమీ గీయకూడదు, చిట్టాలో ఒక పద్దు రాయాలి, అంతే. గీసే పని మొత్తం పెయింట్‌కాంపొనెంట్‌ది. అది ఎప్పుడు పిలిచినా చిట్టాను మొదటి నుంచి చివరి దాకా చదివి గీయాలి.

ముందుగా జేప్యానెల్‌ను ఎక్స్‌టెండ్ చేస్తూ ఒక క్లాసు రాయండి, బోర్డు అని పేరు పెట్టుకుందాం. అందులో అర్రేలిస్ట్<షేప్> రకం ఫీల్డు ఒకటి ఉండాలి, అదే చిట్టా. పెయింట్‌కాంపొనెంట్(గ్రాఫిక్స్ జీ)లో మొదటి వాక్యం సూపర్.పెయింట్‌కాంపొనెంట్(జీ). తర్వాత జీని గ్రాఫిక్స్2డీగా క్యాస్ట్ చేసి, లిస్టులోని ఒక్కో షేప్‌కు డ్రా(షేప్) పిలవండి. వృత్తం బటన్ లిజనర్‌లో (క్లిక్ జరిగితే నడిచే కోడ్‌లో) రెండే వాక్యాలు: లిస్టుకు న్యూ ఎలిప్స్2డీ.డబుల్(150, 100, 80, 80) యాడ్ చేయడం, బోర్డు.రీపెయింట్() పిలవడం. చతురస్రానికి రెక్టాంగిల్2డీ.డబుల్, గీతకు లైన్2డీ.డబుల్. మూడూ షేప్ రకమే కాబట్టి ఒకే లిస్టులో ఇముడుతాయి. గీతకు మాత్రం ఇచ్చేవి రెండు చివరల బిందువులు, వెడల్పు ఎత్తులు కావు.

సూపర్ వాక్యం మరిచిపోతే పాత బొమ్మల మరకలు, ఒక్కోసారి పక్కనున్న బటన్ల నీడలు కూడా ప్యానెల్ మీద మిగిలిపోతాయి. దాన్ని చివర రాస్తే, గీసిందంతా బ్యాక్‌గ్రౌండ్ రంగు కిందకు పోతుంది.

రీపెయింట్() అక్కడికక్కడే గీయదు. "వీలు చూసుకుని గీయి" అని ఒక చీటీ వేసి వచ్చేస్తుంది, అంతే. వరసగా పది చీటీలు వేసినా స్వింగ్ వాటిని కలిపి ఒక్కసారే గీయవచ్చు. అందుకే పెయింట్‌కాంపొనెంట్ ఎన్నిసార్లు నడుస్తుందన్న దాని మీద ఏ లెక్కా పెట్టుకోకండి.

ఫీల్డుకు అర్రేలిస్ట్ బదులు లిస్ట్ అని రకం రాస్తే "రిఫరెన్స్ టు లిస్ట్ ఈజ్ యాంబిగ్యుయస్" అనే ఎర్రర్ వస్తుంది. జావా.ఏడబ్ల్యూటీ, జావా.యుటిల్ రెండింటిలోనూ లిస్ట్ ఉంది, మీరేమో రెండింటినీ స్టార్ పెట్టి ఇంపోర్ట్ చేశారు. జావా.యుటిల్.లిస్ట్‌ను పేరుతో ఇంపోర్ట్ చేస్తే సరి.

ప్రశ్న: మీరు చెప్పినట్టే పెయింట్‌కాంపొనెంట్ రాశాం. ఎర్రర్ లేదు, బొమ్మా లేదు. (ఇద్దరు డిప్లొమా విద్యార్థినులు, తెనాలి)

జవాబు: పంపిన కోడ్‌లో మెథడ్ పేరు చివర ఒక ఎస్ ఎక్కువ పడింది. పెయింట్‌కాంపొనెంట్స్ అనే మెథడ్ కూడా కంటైనర్ క్లాసులో నిజంగానే ఉంది, పైగా పబ్లిక్. మీరూ పబ్లిక్ అని రాశారు, అందుకే పైన @ఓవర్‌రైడ్ ఉన్నా కంపైలర్ నోరెత్తలేదు. కానీ స్వింగ్ గీసేటప్పుడు పిలిచేది దాన్ని కాదు. ప్రొటెక్టెడ్ అని రాయడం అలవాటు చేసుకోండి. అప్పుడు ఎస్ పొరపాటున పడితే కంపైలరే పట్టిస్తుంది.

ఇంకో మాట. ఈ మెథడ్‌ను జేఫ్రేమ్‌లో రాస్తే పని చేయదు. పెయింట్‌కాంపొనెంట్ ఉండేది జేకాంపొనెంట్ క్లాసులో, జేఫ్రేమ్ (ప్రోగ్రాం ప్రధాన విండో) ఆ వంశంలోది కాదు.

ప్రశ్న: రన్ చేస్తే విండో నిండా ఒకే ఒక్క బటన్ కనిపిస్తోంది. లేఅవుట్‌ను ఫ్లోలేఅవుట్‌గా మార్చాను. ఇప్పుడు బటన్ సరిగానే ఉంది, గీసే ప్యానెల్ మాత్రం చుక్కంత అయింది. (కర్నూలు)

జవాబు: జేఫ్రేమ్‌కు మొదటి నుంచీ ఉండేది బోర్డర్‌లేఅవుట్. చోటు చెప్పకుండా యాడ్ చేసినదల్లా సెంటర్‌కే వెళ్తుంది, అక్కడ ఒక్కటే పడుతుంది. చివర యాడ్ చేసింది బటన్ కాబట్టి అదే విండో అంతా ఆక్రమించింది.

ఫ్లోలేఅవుట్ దగ్గరికొస్తే, అది ప్రతి భాగాన్నీ "నీకెంత చోటు కావాలి?" అని అడుగుతుంది. లోపల ఏమీ లేని జేప్యానెల్ చెప్పే జవాబు 10 బై 10 పిక్సెళ్లు. మీరు చుక్క అంటున్నది ఆ 10 బై 10నే. లోపల మీరు గీసే బొమ్మ ఎంత పెద్దదో ప్యానెల్‌కు తెలియదు, మీరే చెప్పాలి. బోర్డు క్లాసులో గెట్‌ప్రిఫర్డ్‌సైజ్‌ను ఓవర్‌రైడ్ చేసి న్యూ డైమెన్షన్(500, 400) తిరిగివ్వండి. ఫ్రేమ్‌లో బోర్డును సెంటర్‌లో పెట్టండి. బటన్లన్నీ వేరే జేప్యానెల్‌లో చేర్చి దాన్ని సౌత్‌లో పెట్టండి. సెట్‌సైజ్ బదులు ప్యాక్() పిలవండి, ఆ తర్వాతే సెట్‌విజిబుల్(ట్రూ). సెట్‌సైజ్(500, 400) అంటే టైటిల్ బార్, అంచులతో కలిపి అంత అని అర్థం, లోపల గీసే చోటు అంతకంటే తక్కువే దొరుకుతుంది.

ప్రశ్న: డ్రాఓవల్(250, 200, 60, 60) ఇచ్చాను. 500 బై 400 ప్యానెల్‌లో వృత్తం సరిగ్గా మధ్యలో రావాలి కదా? కిందకీ కుడికీ జరిగింది. చుట్టూ డ్రారెక్ట్‌తో బోర్డర్ గీస్తే కుడి గీత, కింది గీత కనిపించడం లేదు. (విజయనగరం)

జవాబు: డ్రాఓవల్‌కు కేంద్రం, వ్యాసార్ధం అనేవే తెలియవు. దానికి ఇచ్చే నాలుగు అంకెలు వృత్తం చుట్టూ గీసుకునే చతురస్రానివి: ఎడమ పై మూల ఎక్స్, వై, తర్వాత వెడల్పు, ఎత్తు. వై విలువ పెరిగే కొద్దీ బిందువు కిందికి దిగుతుంది. గ్రాఫ్ పేపర్ అలవాటున్న వాళ్లకు ఇది కొన్నాళ్లు తికమకే. కేంద్రం (250, 200), వ్యాసార్ధం 60 కావాలంటే కేంద్రంలోంచి వ్యాసార్ధం తీసేయండి, వెడల్పు, ఎత్తులుగా వ్యాసం, అంటే వ్యాసార్ధానికి రెట్టింపు ఇవ్వండి: డ్రాఓవల్(190, 140, 120, 120). మీరిచ్చిన అంకెలకు వచ్చేది 30 వ్యాసార్ధం ఉన్న వృత్తం, దాని కేంద్రం (280, 230).

250, 200 అని అంకెలు రాసేయకుండా గెట్‌విడ్త్()/2, గెట్‌హైట్()/2 వాడితే విండో పెంచినా వృత్తం మధ్యలోనే ఉంటుంది. ఆ లెక్క పెయింట్‌కాంపొనెంట్ లోపలే చేయండి. కన్‌స్ట్రక్టర్‌లో చేస్తే రెండూ సున్నాలే వస్తాయి, అప్పటికి ప్యానెల్‌కు ఇంకా సైజు పడి ఉండదు.

బోర్డర్ సంగతి చిన్న లెక్క. డ్రారెక్ట్(0, 0, 500, 400) కుడి గీతను 500వ నిలువు వరసలో గీస్తుంది. ప్యానెల్‌లో వరసలు 0 నుంచి 499 దాకానే ఉన్నాయి. అంటే డ్రారెక్ట్ ఆక్రమించే చోటు ఇచ్చిన కొలత కన్నా ఒక్క పిక్సెల్ ఎక్కువ. గెట్‌విడ్త్()-1, గెట్‌హైట్()-1 ఇవ్వండి. ఫిల్‌రెక్ట్‌కు ఈ పేచీ లేదు, అది ఇచ్చిన కొలతే నింపుతుంది. అందుకే ఒకే కొలతతో ముందు ఫిల్, తర్వాత డ్రా చేస్తే రెండు పక్కల గీత రంగు బయటికి ఉంటుంది. చూడటానికి అదే బాగుంటుంది కూడా.

ప్రశ్న: ప్రతి క్లిక్‌కూ కొత్త రంగు వృత్తం రావాలని ర్యాండమ్ వాడాను. విండో కదిలిస్తే పాత వృత్తాల రంగులన్నీ మారిపోతున్నాయి. (హైదరాబాద్)

జవాబు: ర్యాండమ్‌ను పెయింట్‌కాంపొనెంట్‌లో పెట్టారు. గీసిన ప్రతిసారీ కొత్త పాచిక పడుతోంది. రంగు కూడా చిట్టాలోని పద్దే. షేప్, కలర్ రెండూ ఉన్న చిన్న క్లాసు రాసి, క్లిక్ జరిగినప్పుడే రంగు ఎంచి లిస్టులో వేయండి.

అన్‌డూ బటన్ కూడా అడిగారు. లిస్టులో చివరిది తీసేసి రీపెయింట్ పిలిస్తే అయిపోయింది. తీసేముందు ఈజ్‌ఎంప్టీ() చూసుకోకపోతే ఖాళీ బోర్డు మీద అన్‌డూ నొక్కిన మొదటి మనిషికే ఎక్సెప్షన్ ఎదురవుతుంది.

ప్రశ్న: జేఎన్‌టీయూ హైదరాబాద్ జావా ల్యాబ్‌లోని ట్రాఫిక్ లైట్ ప్రోగ్రాంకు దీపాల బొమ్మ కూడా జోడించాలనుకున్నాను. మూడు రేడియో బటన్లూ ఒకేసారి ఎంపికవుతున్నాయి. ఎరుపు నొక్కి ఆకుపచ్చ నొక్కితే రెండూ వెలుగుతున్నాయి.

జవాబు: తెలియని వాళ్ల కోసం: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రేడియో బటన్లలో ఒకటి ఎంచితే స్టాప్, రెడీ, గో అనే మాట బటన్ల పైన అదే రంగులో రావాలి, మొదట ఏ మాటా ఉండకూడదు. అడిగింది అంతే. దీపాలు మీ ముచ్చట.

మూడు జేరేడియోబటన్లనూ ఒక బటన్‌గ్రూప్‌లో యాడ్ చేయండి. అది తెర మీద కనిపించే వస్తువు కాదు, "వీటిలో ఒకటే" అనే కట్టడి మాత్రమే. కాబట్టి బటన్లను ప్యానెల్‌కు మళ్లీ విడిగా యాడ్ చేయాలి. ఈ రెండిట్లో ఒకటి మరిచిపోవడం మామూలే.

దీపాలకు లిస్టు అక్కర్లేదు, ఒకే ఇంట్ చాలు: 0 అంటే ఏదీ లేదు, 1 ఎరుపు, 2 పసుపు, 3 ఆకుపచ్చ. మీరు వెలిగించడానికి కోడ్ రాశారు గానీ ఆర్పడానికి రాయలేదు. అసలు ఆర్పడమనే పనే వద్దు. పెయింట్‌కాంపొనెంట్ ప్రతిసారీ మూడింటినీ గీయాలి: ఎంపికైనది దాని రంగులో, మిగతా రెండూ డార్క్‌గ్రేలో. కొలతలు కావాలంటే ఇవి సరిపోతాయి. నల్లపెట్టె ఫిల్‌రెక్ట్(50, 20, 80, 220). దీపాలు 60 వ్యాసంతో ఫిల్‌ఓవల్, మూడింటికీ ఎక్స్ 60, వై మాత్రం 30, 100, 170. చుట్టూ, మధ్యలో 10 పిక్సెళ్ల ఖాళీ సమంగా వస్తుంది.

యాక్షన్‌లిజనర్ బదులు ఐటమ్‌లిజనర్ వాడితే ఒక్క క్లిక్‌కు రెండు కబుర్లు వస్తాయి, పాతది వదిలిందని ఒకటి, కొత్తది పట్టిందని ఒకటి. గెట్‌స్టేట్‌ఛేంజ్() సెలెక్టెడ్ అయితేనే విలువ మార్చండి. ఇక రెడీ అనే పసుపు అక్షరాలు లేత బూడిద రంగు మీద దాదాపు కనబడవు. లేబుల్‌కు సెట్‌ఒపేక్(ట్రూ) ఇచ్చి నల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టండి.

ప్రశ్న: బటన్ల మీద సర్కిల్, స్క్వేర్ తీసేసి వృత్తం, చతురస్రం అని తెలుగులో రాశాను. అప్పటి నుంచి ఏ బటనూ పని చేయడం లేదు.

జవాబు: మీ లిజనర్ గెట్‌యాక్షన్‌కమాండ్()ను "సర్కిల్" అనే ఇంగ్లిష్ మాటతో పోలుస్తోంది. విడిగా ఏమీ పెట్టకపోతే బటన్ మీది రాతే యాక్షన్ కమాండ్ అవుతుంది. రాత మారింది, పోలిక తప్పింది. సెట్‌యాక్షన్‌కమాండ్‌తో లోపలి పేరును ఇంగ్లిష్‌లో ఖాయం చేయండి. పైన తెలుగు ఉండొచ్చు, రేపు ఇంకో భాష కూడా ఉండొచ్చు. ఒక్కో బటన్‌కు ఒక్కో లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) ఇస్తే ఈ పోలికల బెడదే ఉండదు, మేమైతే అదే చేస్తాం.

తెలుగు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తే అది ఎన్‌కోడింగ్ తప్పు. జేడీకే (జావా ప్రోగ్రాంలు తయారు చేసే కిట్) 18 నుంచి యూటీఎఫ్-8 డిఫాల్ట్. అంతకు ముందు వెర్షన్లలో జావాసీ కంపైలర్‌కు మైనస్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పాలి. ఖాళీ పెట్టెలు కనిపిస్తే మాత్రం ఫాంట్ తప్పు, విండోస్‌లో నిర్మలా యూఐ పెట్టి చూడండి.

ప్రశ్న: "కదులు" బటన్ నొక్కితే వృత్తం నెమ్మదిగా కుడికి జరగాలి. ఫర్ లూప్‌లో థ్రెడ్.స్లీప్(40) పెట్టాను. బటన్ నొక్కుడు పడినట్టే ఉండిపోతోంది, కాసేపటికి వృత్తం ఒక్క దూకులో చివర తేలుతోంది. (మచిలీపట్నం)

జవాబు: క్లిక్‌కు స్పందించేదీ, తెర గీసేదీ ఒకే థ్రెడ్. దాన్ని మీరు లిజనర్‌లో నిద్రపుచ్చారు. రీపెయింట్ చీటీలన్నీ పేరుకుపోయి, లూప్ ముగిశాక ఒకేసారి తీరాయి. లూప్ తీసేసి జావాఎక్స్.స్వింగ్.టైమర్ వాడండి. 40 మిల్లీసెకండ్లంటే సెకనుకు 25 సార్లు. ప్రతిసారీ ఎక్స్‌కు 3 కలిపి రీపెయింట్ చేస్తే సెకనుకు 75 పిక్సెళ్లు కదులుతుంది. అంచు చేరగానే స్టాప్(). టైమర్‌ను లిజనర్‌లో కొత్తగా చేయకండి, రెండోసారి నొక్కితే రెండు టైమర్లు నడిచి వృత్తం రెట్టింపు వేగంతో పరిగెడుతుంది. కన్‌స్ట్రక్టర్‌లో ఒక్కటి చేసి, క్లిక్‌లో స్టార్ట్() మాత్రం పిలవండి. జావా.యుటిల్‌లోనూ ఒక టైమర్ ఉంది, ఇది అది కాదు.

ప్రశ్న: టీకింటర్‌లో బటన్ నొక్కకముందే వృత్తం వచ్చేస్తోంది, నొక్కితే ఏమీ రావడం లేదు. (గుంటూరు)

జవాబు: కమాండ్=గీయి() అని బ్రాకెట్లు పెట్టారు. బటన్ తయారవుతున్నప్పుడే ఫంక్షన్ నడిచిపోయి, దాని ఫలితం నన్ (ఏమీ లేదని అర్థం) బటన్‌కు అందింది. కమాండ్=గీయి అని పేరు మాత్రం ఇవ్వండి. లూప్‌లో మూడు బటన్లు చేసి లాంబ్డా ఇస్తే మూడూ చివరి ఆకారమే గీస్తాయి, ఎందుకంటే లాంబ్డా ఆ వేరియబుల్‌ను నొక్కినప్పుడు చదువుతుంది, అప్పటికి లూప్ అయిపోయింది. లాంబ్డా ఎస్=ఆకారం: గీయి(ఎస్) అని రాస్తే అప్పటి విలువ పట్టుబడుతుంది.

స్వింగ్ నుంచి వచ్చిన వాళ్లకు రెండు తేడాలు. క్రియేట్_ఓవల్‌కు ఇచ్చేవి రెండు ఎదురెదురు మూలలు, వెడల్పు ఎత్తులు కావు. పై 250, 200 వృత్తానికి ఇక్కడ 190, 140, 310, 260. రెండోది, చిట్టా రాసే పని క్యాన్వాసే (టీకింటర్‌లో బొమ్మలు గీసే పలక) చేసుకుంటుంది. గీసిన ప్రతి ఆకారానికీ ఒక నంబరు తిరిగిస్తుంది. ఆ నంబరుతో మూవ్, ఐటమ్‌కాన్ఫిగ్, డిలీట్ చేయవచ్చు. విండో లాగినా బొమ్మ పోదు. విన్ఫో_విడ్త్() 1 ఇస్తోందంటే విండో ఇంకా తెర మీదికి రాలేదు, ముందు అప్‌డేట్() పిలవండి.

ప్రశ్న: ల్యాబ్ పుస్తకంలో ఆప్లెట్‌వ్యూయర్‌తో రన్ చేయమన్నారు. అలాంటి కమాండే లేదంటోంది.

జవాబు: ఆప్లెట్లను, అంటే వెబ్ పేజీలో నడిచే పాత రకం జావా ప్రోగ్రాంలను, నడిపే ఆ కమాండ్‌ను జేడీకే 11లో తీసేశారు. ఆప్లెట్‌లోని ఇనిట్() సరుకును జేప్యానెల్ కన్‌స్ట్రక్టర్‌కు, పెయింట్() సరుకును పెయింట్‌కాంపొనెంట్‌కు తరలించి, ఆ ప్యానెల్‌ను జేఫ్రేమ్‌లో పెట్టండి. గీసే వాక్యాలు ఒక్కటి కూడా మార్చనక్కర్లేదు.