తలుపులకు పెయింట్ లేదు, గుమ్మాలకే వేయించాలి. కొలత ఎలా లెక్కపెట్టాలి?

మీరు రాసింది ఇదీ: ఇంట్లో 9 గుమ్మాలు. తలుపులకు సన్‌మైకా ఉంది కాబట్టి వాటి జోలికి వెళ్లక్కర్లేదు, చెక్క ఫ్రేములకు మాత్రం ఎనామిల్ వేయించాలి. పెయింటరేమో ఒక్కో గుమ్మం ఎత్తూ వెడల్పూ గుణించి, 1.3తో పెంచి, రెండు వైపులని మళ్లీ రెండింతలు చేసి మొత్తం 482 చదరపు అడుగులు తేల్చాడు. ‘అందరూ ఇలాగే కొలుస్తారు సార్’ అంటున్నాడు.

ఆ కొలత మీ పనికి వర్తించదండి. అలాగని అతను మోసం చేస్తున్నాడని కూడా అనుకోకండి, ఆ 1.3 ఊరికే పుట్టలేదు. నేను కొన్నేళ్లు సైట్ల మీద బిల్లులు చూసేవాణ్ణి. గోడల దగ్గర ఎవరికీ పేచీ ఉండేది కాదు, గుమ్మాలూ గ్రిల్సూ వచ్చేసరికి మొదలయ్యేది.

ఇళ్ల పనుల కొలతలకు ఐఎస్ 1200 అని ఒక భారతీయ ప్రమాణం ఉంది. పెయింటింగ్ అందులో 15వ భాగం. తలుపును ఫ్రేముతో కలిపి ఎత్తు, వెడల్పు కొలిచి, చట్రంలో పలకలు బిగించిన ప్యానెల్ తలుపైతే ఒక్కో వైపుకు 1.3తోనూ, నున్నగా ఒకే పలకలా ఉండే ఫ్లష్ తలుపైతే 1.2తోనూ గుణించమంటుంది. ఎందుకంటే అంచులూ మడతలూ విడివిడిగా కొలుస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. 3 x 7 ఫ్లష్ తలుపునే తీసుకోండి. 21ని 1.2తో, మళ్లీ రెండుతో గుణిస్తే 50 చిల్లర. ఇప్పుడు విడిగా కొలిచి చూడండి: రెక్క రెండు వైపులా సుమారు 35, దాని అంచులు 2, ఫ్రేము 15 పైచిలుకు. కలిపితే 52 చిల్లర. అంటే ఆ గుణకంలో ఫ్రేము ముందే కలిసిపోయి ఉంది. తలుపులకు కూడా పెయింట్ వేయించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. తలుపులు గుణకంతో రాసి, కింద ‘ఫ్రేములు - రన్నింగ్ ఫీట్’ (అంటే పొడవు అడుగుల్లో) అని ఇంకో లైను పెట్టిన బిల్లులు నా టేబుల్ మీదికి చాలాసార్లు వచ్చాయి. అది ఒకే పనికి రెండుసార్లు డబ్బు అడగడం.

మీ ఇంట్లో రెక్కకు బ్రష్షే తగలదు. అలాంటప్పుడు ఫ్రేమునే కొలవాలి. ఒక న్యూస్‌పేపర్ పట్టీ తీసుకుని, ఈ వైపు గోడ అంచు నుంచి మొదలుపెట్టి, ఫ్రేము మీదుగా, తలుపు ఆనే గాడిలోకి వేలితో నొక్కుతూ, ఆ వైపు గోడ దాకా తీసుకెళ్లి అక్కడ చింపండి. తిన్నగా పరిచి టేపు పెడితే చుట్టుకొలత వస్తుంది. మామూలు 5 x 3 అంగుళాల ఫ్రేముకు 11 అంగుళాల దగ్గర ఉంటుంది. చుట్టూ బీడింగ్ కొట్టించి ఉంటే ఇంకో రెండు మూడు అంగుళాలు పెరుగుతుంది. ఫ్రేము పొడవును దీంతో గుణిస్తే చదరపు అడుగులు వస్తాయి. ఇది అడుగుకు అటూ ఇటూ కాబట్టి రన్నింగ్ ఫీట్ అన్నా చదరపు అడుగులన్నా మీకు దాదాపు ఒకటే. (ఐఎస్ 1200 ప్రకారమైతే 10 సెంటీమీటర్లు దాటని సన్న పట్టీలనే పొడవుతో కొలవాలి, ఇళ్ల పనుల్లో అంత పట్టింపు ఎవరికీ ఉండదు.)

3 x 7 గుమ్మానికి రెండు నిలువులూ ఒక అడ్డం కలిపి 17 అడుగులు. మీవి అలాంటివి ఆరు, అంటే 102. వీధి గుమ్మం 3.5 x 7 కాబట్టి 17.5. బాత్‌రూమ్‌లవి 2.5 x 7, రెండూ కలిపి 33. మొత్తం 152.5 అడుగులు. ఎక్కడ 482, ఎక్కడ 152! బాత్‌రూమ్‌లకు గ్రానైట్ ఫ్రేములు గానీ ఉంటే ఆ 33 కూడా తీసేయండి.

నమ్మకం కుదరకపోతే పెయింట్ ఎన్ని లీటర్లు తేవాలో అతన్నే అడగండి. ఎనామిల్ లీటరుకు ఒక కోటు 100, 120 చదరపు అడుగుల దాకా వస్తుంది. రెండు కోట్లకు మూడు లీటర్లు చాలంటాడు. నిజంగా 482 అడుగులే ఉంటే తొమ్మిదీ పది లీటర్లు పట్టాలి కదా?

ఇక రేటు సంగతి. ఇక్కడ మాత్రం నేను పెయింటర్ పక్షమే. గోడకు వేసే రేటు ఫ్రేముకు గిట్టదు. గరుకు కాగితం పట్టాలి, ప్రైమర్, లప్పం, మళ్లీ గరుకు కాగితం, ఆపైన రెండు కోట్లు. మీ ఇంట్లో ఒక పక్క గోడ, ఇంకో పక్క సన్‌మైకా, మధ్యలో బందులు. టేపు అంటించి కటింగ్ చేసుకుంటూ పోవడానికే సగం రోజు పోతుంది. పాత పెయింట్ గీకాల్సి వస్తే చెప్పనే అక్కర్లేదు. అందుకే రేటు పెంచమంటే పెంచండి, కొలత మాత్రం పెంచనివ్వకండి. ఎంతమంది ఎన్ని రోజులు చేస్తారో అడిగి, మీ ఊరి కూలీతో గుణించి, 152తో భాగిస్తే అడుగుకు న్యాయమైన లేబర్ రేటు తెలుస్తుంది. ఇద్దరు నాలుగు రోజులంటే 8 కూలీలు, దాని మీద మేస్త్రీకి కొంత. కాగితం మీద ‘ఫ్రేములు మాత్రమే, లప్పంతో సహా, రెండు కోట్లు’ అని రాయించుకోండి. లప్పం తర్వాత వేరేగా అడగడం మామూలే.

వీధి గుమ్మం గడప పై లెక్కలో కలపలేదు. దానికి ఎనామిలే వేయిస్తారా, రోజూ పసుపు రాసుకుంటారా అని ఇంట్లో పెద్దవాళ్లను ముందే అడగండి. నున్నటి ఎనామిల్ మీద తడి పసుపు సరిగ్గా నిలవదు. వేయించేట్టయితే ఇంకో 3.5 అడుగులు కలిపి 156కి మాట్లాడుకోండి.