అరకు టూర్‌కి వెళ్లే ముందు చిన్నీకి

విజయనగరం

చిన్నీ,

మీ విశాఖ సైకిలు క్లబ్బు వాళ్లు డిసెంబరులో మూడు రోజుల అరకు టూర్ పెట్టారని, నువ్వు పేరు ఇచ్చావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దాని గొంతులో సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా వినిపించింది. నాకు మాత్రం పట్టరాని సంబరంగా ఉంది. మన ఇంటి ఆడపిల్ల సైకిలు మీద అనంతగిరి ఘాట్ ఎక్కబోతోంది! ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

గుంపుతో తొక్కేటప్పుడు ఏదీ దాచుకోకూడదు. ముందుగా ఈ ఒక్క మాట మనసులో పెట్టుకో. ఒంటరిగా తొక్కితే నీ ఆకలి నీది, నీ మోకాలి నొప్పి నీది. గుంపులో అలా కాదు. నువ్వు గుంత చూసి తప్పుకుని ఊరుకుంటే వెనకున్నవాళ్లు అందులో పడతారు. టిఫిన్ దగ్గరే మొదలైన నొప్పిని మధ్యాహ్నం దాకా దాచిపెడితే పది మందీ ఘాట్ మధ్యలో చీకటి పడేదాకా ఆగిపోవాల్సి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు, అందులోనూ అమ్మాయిలు, "నా వల్ల అందరికీ ఆలస్యమవుతుందేమో" అని నోరు మెదపరు. టిఫిన్‌కి ఆగే ఎస్.కోట (శృంగవరపుకోట)లో చెబితే అయిదు నిమిషాల్లో తేలిపోయే విషయం అది.

నేను ఇన్నేళ్లూ ఎక్కువగా స్వీప్‌గానే తొక్కాను. అందరికంటే వెనక ఉండి ఎవరూ తప్పిపోకుండా చూసుకునే పని అది. వెనక నుంచి చూస్తే అన్నీ కనిపిస్తాయి. ఒకరి భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఇంకొకరు తిన్నగా వెళ్లలేక అటూ ఇటూ ఊగుతుంటారు, మాటలపోగు లాంటి మనిషి ఉన్నట్టుండి మూగైపోతాడు. ఎలా ఉందని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, "బానే ఉంది". ఆ మాట నువ్వు అనకు. అలిసిపోతే అలిసిపోయానని చెప్పు. స్వీప్ ఉన్నదే నీ కోసం.

ఇప్పటి నుంచి టూర్ దాకా ప్రతి ఆదివారం మీ వాళ్లతో భీమిలి దాకా వెళ్లు. బీచ్ రోడ్డు మీద నేర్చుకోవాల్సింది వేగం కాదు, నిలకడ. ముందున్నవాళ్ల వెనక చక్రానికి నీ ముందు చక్రం పక్కగా చేరనివ్వకు. వాళ్లు కాస్త జరిగితే చక్రాలు రాసుకుంటాయి, అప్పుడు పడేది వెనకున్నవాళ్లే. అలవాటయ్యేదాకా ఒక సైకిలు పొడవు ఖాళీ ఉంచు. ముందువాళ్ల చక్రం వైపే చూస్తూ తొక్కకు, వాళ్ల భుజం మీదుగా రోడ్డు చూడు. గుంత వస్తే ఆ వైపు చెయ్యి కిందికి చూపించి, "గుంత" అని గట్టిగా అరువు. ఆగబోతుంటే చెయ్యెత్తి "ఆగుతున్నా" అను. అరవడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది ఉంటారు. నువ్వు పడకు. సడన్ బ్రేకు కొట్టకు, చెప్పకుండా పక్కకి రాకు. ఇయర్‌ఫోన్స్ ఇంట్లో వదిలెయ్.

ఎండాకాలం నుంచి వానాకాలం చివరిదాకా ఆ రోడ్డు మీద గాలి నైరుతి నుంచి వస్తుంది. భీమిలికి తోసుకుంటూ పంపిస్తుంది, తిరిగొచ్చేటప్పుడు మొహానికి కొడుతుంది. గుంపు విలువ తెలిసేది ఆ రుషికొండ గాలిలోనే. ముందు తొక్కేవాళ్లు గాలిని చీలుస్తారు, వెనకవాళ్లకి శ్రమ తగ్గుతుంది. కాసేపయ్యాక వంతు మారాలి. నీ వంతు వచ్చినప్పుడు హుషారు కొద్దీ వేగం పెంచకు. అప్పటిదాకా ఎంతలో వెళ్తున్నారో అంతలోనే వెళ్లు. ముందుకి రాగానే స్పీడు పెంచేవాళ్లని నేను మంచి రైడర్లని ఒప్పుకోను, కాళ్లలో ఎంత బలమున్నా సరే.

మీ క్లబ్బులో బ్రెవేలు, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు, చేసేవాళ్లు కూడా ఉంటారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేసే రకం. వాళ్ల కథలు విను, బాగుంటాయి. టూర్‌కి కావలసింది మాత్రం వేరే ఓపిక. ఒక రోజు తొక్కడం చాలామందికి వస్తుంది. మర్నాడు పొద్దున లేచి మళ్లీ సీటు మీద కూర్చోవడమే కష్టం. అందుకని ఒకే ఆదివారం 100 కిలోమీటర్లు తొక్కేసి మురిసిపోకు. శనివారం 50, ఆదివారం 50 తొక్కు. రెండో రోజు ఎక్కడ నొప్పి పుడుతుందో అప్పుడు తెలుస్తుంది, టూర్‌కి ముందే దాన్ని సరిచేసుకోవచ్చు. మోకాలి ముందు భాగం నొప్పెడితే చాలాసార్లు సీటు కిందికి ఉందని అర్థం. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి, సీటు ఎత్తు అంత ఉంటే చాలు.

ఇక మనం మనం మాట్లాడుకునే సంగతులు. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ మంచివి రెండు జతలైనా కొనుక్కో. వాటి లోపల ఇంకేమీ వేసుకోకూడదు, వేసుకుంటే కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. రాపిడి తగిలే చోట వాజలిన్ రాసుకో. రోజూ దిగగానే అవి విప్పేసి స్నానం చెయ్, తడి బట్టలతో కబుర్లు చెబుతూ కూర్చోకు. చలిలో ఉతికినవి తెల్లారేసరికి ఆరవు, అందుకే రెండు జతలు. నెలసరి ఆ రోజుల్లో వచ్చేట్టుంటే తేదీ చూసుకుని అన్నీ దగ్గర పెట్టుకో, గ్రూపులో ఉన్న ఇంకో అమ్మాయికి ముందే చెప్పు. బాత్రూమ్ కోసమని నీళ్లు తాగడం మానేస్తారు మన ఆడవాళ్లు. అంత తప్పు పని ఇంకొకటి లేదు. ఆగాల్సిన చోట్లు ముందే రాసుకో: పెట్రోలు బంకులు, ఎస్.కోట హోటళ్లు, అనంతగిరి, అరకు. రైడ్ లీడర్‌తో ఒక్క మాట, "నాకు ఈ చోట్ల ఆగాలి" అని. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నువ్వు అడిగితే మిగతా అమ్మాయిలు నీకు థాంక్స్ చెబుతారు.

ఆకలి వేసేదాకా ఆగి తింటే ఆలస్యమైపోయినట్టే. ముప్పావు గంటకోసారి కొంచెం కొంచెం తింటూ ఉండు. అరటిపండు, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, ఇంట్లో చేసిన నువ్వుల ఉండలు, ఇవన్నీ జేబులో పట్టేవే. ఘాట్ ముందు పూరీలు, బజ్జీలు వద్దు. ఇడ్లీ తిను, ఎన్నైనా తిను. నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగు, ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకో. చలిలో దాహం తెలియదు, అయినా తాగాలి.

సైకిలు సంగతి. వారం ముందే షాపులో చూపించు, బయలుదేరే ముందు రోజు కాదు. కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించు, టైర్లలో గాజు ముక్కలేమైనా ఉన్నాయేమో వేళ్లతో తడిమి చూడు. రెండు ట్యూబులు, టైర్ లివర్లు, చిన్న పంపు, మల్టీటూల్, చైను లింకు నీ దగ్గరే ఉండాలి, సపోర్ట్ వ్యాన్‌లో కాదు. నీ ట్యూబులకి సన్న వాల్వు ఉంటే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి కొనుక్కో. అది లేకపోతే ఊళ్లో పంచర్ షాపులో నీకు గాలి కొట్టలేరు. గేర్లు మార్చే వెనక డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న హ్యాంగర్ ఉంటుంది, ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం. నీ సైకిలుది ఒకటి అదనంగా తెచ్చుకో. సైకిలు పక్కకి పడితే మొదట వంగేది అదే, పాడేరులో వెతికితే దొరకదు. పంచర్ వేయడం ఇంట్లోనే నేర్చుకో, ముఖ్యంగా వెనక చక్రం విప్పి బిగించడం. వీపుకి బ్యాగు తగిలించుకోవద్దు, రెండో రోజుకి నడుం పట్టేస్తుంది.

మొదటి రోజు పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట దాకా 50 పైచిలుకు కిలోమీటర్లు. దాదాపు చదునైన దారి కావడంతో అక్కడే అందరూ హుషారు పడి కాళ్లు ఖర్చు చేసేస్తారు. నువ్వు మాట్లాడుతూ తొక్కగలిగేంత వేగంలోనే ఉండు. కొన్నిచోట్ల రోడ్డు మీద ధాన్యం, చోళ్లు ఆరబోసి ఉంటాయి. వాటి మీద చక్రం జారుతుంది. పైగా అది ఒకరి పంట, దిగి పక్క నుంచి నడిచి వెళ్లు. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. అక్కడ గుంపు గుంపుగా ఉండదు, ఉండకూడదు కూడా. ఎవరి ఊపిరి వాళ్లది. కాలి మీద బరువు పడకముందే చిన్న గేరులోకి మారు, ఎక్కుడు మధ్యలో బలంగా తొక్కుతూ మారిస్తే చైను తెగే ప్రమాదం ఉంది. ఎక్కడ కలుసుకోవాలో కిందే మాట్లాడుకోండి, పైన కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు. అనంతగిరి దగ్గర ఒకసారి, గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఒకసారి కలుసుకుంటే సరిపోతుంది. ముందు చేరినవాళ్లు చివరివాళ్లు రాగానే బయలుదేరిపోవడం నాకు అసలు నచ్చదు. చివర వచ్చినవాళ్లకే కదా విశ్రాంతి ఎక్కువ కావాలి! మీ లీడర్ అలా చేస్తే అడుగు, పది నిమిషాలు ఆగమని.

కాఫీ తోటల మధ్య నీడలో, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగల పక్క నుంచి మెల్లగా ఎక్కుతుంటే, కారులో ఎన్నిసార్లు వెళ్లినా తెలియని వాసన ఒకటి తెలుస్తుంది. దానికోసమైనా తొందరపడకు. సుంకరమెట్ట దాటి అరకు చేరేసరికి వెలుతురు ఉండాలి. డిసెంబరులో అయిదున్నరకల్లా చీకటి పడుతుంది. చేరిన అరగంటలో ఏదైనా తిను. బొంగు చికెన్ రాత్రికి తినొచ్చు.

రెండో రోజు పాడేరు, చింతపల్లి మీదుగా లంబసింగి. 100 దాటుతుంది, దారంతా ఎక్కుడూ దిగుడూ. మూడు రోజుల్లో మనసు కుంగేది ఈ మధ్యాహ్నమే. అప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోకు. ముందు ఆగి, తిని, పావుగంట కూర్చో. అప్పటికీ ఒంట్లో బాగోలేకపోతే వ్యాన్ ఎక్కు. వ్యాన్ ఎక్కినవాళ్లని చిన్నచూపు చూసే క్లబ్బయితే అది నీకు తగిన క్లబ్బు కాదు. సంత జరిగే రోజైతే జీపులు టాపు మీద కూడా మనుషులతో వస్తాయి, ఎడమకి ఒదిగి దారివ్వండి. ఊళ్లలో మనుషుల్ని, పిల్లల్ని అడక్కుండా ఫోటోలు తీయకండి. మనం వాళ్ల ఇంటి ముందు నుంచి వెళ్తున్నాం. చింతపల్లిలో కాసేపు ఆగమని చెప్పు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన్యం వీరులతో కలిసి మొదట దాడి చేసింది అక్కడి పోలీస్ స్టేషన్ మీదే. ఆ కొండల్ని నీ కాళ్లతో ఎక్కి వచ్చాక ఆ మాట విను, వాళ్లు ఎలా నడిచారో కొంచెమైనా ఊహకి అందుతుంది.

మీ అమ్మ ఎక్కుడు గురించి భయపడుతోంది, నాకు భయం దిగుడంటేనే. మూడో రోజు లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు దిగాలి. పొద్దున్నే మంచు కమ్ముకుని పది అడుగుల ముందు ఏముందో కనిపించదు. మంచు విడేదాకా కదలనని చెప్పు, ఒక గంట ఆలస్యమైతే కొంపలేం మునగవు. ముందూ వెనకా లైట్లు పగలే వెలగాలి. బయలుదేరే ముందు జాకెట్ లోపల ఛాతీ మీద దినపత్రిక ఒకటి మడిచి పెట్టుకో. దిగేటప్పుడు చలిగాలిని భలే ఆపుతుంది, కింద చేరాక తీసి సంచిలో వేసుకోవచ్చు. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు పట్టలేవు. వంపులోకి వెళ్లకముందే వేగం తగ్గించు, వంపులో బ్రేకు నొక్కకు. రెండు బ్రేకులూ పట్టి వదులుతూ దిగు. అలాగే నొక్కి పట్టుకుంటే రిమ్ కాలిపోయి ట్యూబ్ పేలొచ్చు. వంపు ఏ వైపు ఉందో ఆ వైపు పెడల్ పైకి ఉండాలి. చూపు వంపు బయటపడే చోట ఉంచు, లోయ వైపు కాదు. ముందువాళ్లకి బాగా దూరంగా ఉండు, ఎవరినీ ఓవర్‌టేక్ చేయకు. ఆర్టీసీ బస్సుకి ఆ మలుపుల్లో రోడ్డంతా కావాలి, హారన్ వినగానే ఎడమ అంచున ఆగిపో.

కిందికి దిగాక అనకాపల్లి నుంచి హైవే. లారీల పక్కన ఇద్దరిద్దరుగా తొక్కొద్దు, ఒకరి వెనక ఒకరు, తెల్ల గీతకి ఎడమ పక్కనే. ఇంటికి దగ్గరయ్యామని అందరూ తెగ తొక్కేది అక్కడే. గాజువాకలో ఎవరైనా మధ్యలోనే ఇంటికి తిరిగిపోతే లీడర్‌కి చెప్పి వెళ్లాలి. చెప్పకుండా వెళ్లిన ఒక మనిషి కోసం స్వీప్ రోడ్డంతా వెతుకుతూ వెనక్కి వెళ్లాలి, నువ్వు ఆ పని ఎవరికీ పెట్టకు.

మీ అమ్మకి రోజుకి మూడు మెసేజ్‌లు పెట్టు: బయలుదేరాం, భోజనానికి ఆగాం, చేరాం. సిగ్నల్ ఉండని చోట్లు ముందే చెప్పు, లేకపోతే పాపం రాత్రంతా కూర్చుంటుంది. లీడర్ ఫోన్ నంబరు, బస చేసే చోట్ల వివరాలు కాగితం మీద రాసి దానికి ఇచ్చి వెళ్లు. దానితో నేనూ మాట్లాడతాను.

ఎస్.కోటలో మీవాళ్లు టిఫిన్‌కి ఎక్కడ ఆగుతారో, ఎన్నింటికి ఆగుతారో నాకు ముందుగా తెలియజెయ్యి. నేను విజయనగరం నుంచి తెల్లవారుజామునే సైకిలు మీద బయలుదేరి వస్తాను. నువ్వుల ఉండలు ఎంతమందికి చేయాలో కూడా చెప్పు. అక్కడ నీ సీటు ఎత్తు, బ్రేకులు ఒకసారి చూసి, బొడ్డవర దాకా నీ వెనకే వస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ