పార్కింగ్ వదలండి, కానీ ముందు ముగ్గుపిండి తెచ్చుకోండి

ప్రశ్న ఇది: తిరుపతిలో 60 అంకణాల (240 గజాల) సైటు. కింద స్టిల్టు (పిల్లర్ల మీద లేపి ఖాళీగా వదిలే కింది అంతస్తు), పైన మూడు అంతస్తులు వేసి రెండు పోర్షన్లు అద్దెకిద్దామని ఆలోచన. ఇంజనీరేమో కిందంతా పార్కింగే వదలాలంటున్నాడు. ఇంట్లో ఉన్నది ఒక్క స్కూటరు. ముందువైపు రెండు షాపులు వేసుకుంటే ఏమవుతుంది?

షాపులు వేయకండి. మీరడిగినదానికి జవాబు అంతే, దాని సంగతి చివర్లో చెప్తాను. నాకు పట్టుకున్నది మీ ఇంజనీరు అన్న "కిందంతా పార్కింగే" అనే మాట. కింద నాలుగు పిల్లర్లు లేపి ఖాళీగా వదిలేస్తే అది పార్కింగ్ అయిపోదండీ. ఈ సంగతి నాకు లక్షన్నర పోశాక తెలిసింది.

2014లో బైరాగిపట్టెడ వైపు ఒక అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్నాం. మొత్తం పది ఫ్లాట్లు. ఫ్లాటు రేటు ఒకటి చెప్పి, కార్ పార్కింగ్‌కి వేరేగా లక్షన్నర అన్నాడు బిల్డరు. అప్పటికి మాకు కారు లేదు, కొనే ఉద్దేశమూ లేదు, కానీ మా ఆయన "రేపు అమ్మేటప్పుడు పార్కింగ్ లేని ఫ్లాటు ఎవడు కొంటాడు" అని ఒకటే పోరు. సరే కట్టాం. గోడ మీద పసుపు పెయింటుతో 6 అని రాసి ఇచ్చారు. దస్తావేజులో "కార్ పార్కింగ్ 100 చదరపు అడుగులు" అని అచ్చయి వచ్చింది. నేను లెక్కల టీచరునే, అయినా ఆ వంద ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో టేపు పెట్టి చూసుకోలేదు. పిల్లలకు మాత్రం యూనిట్లు రాయకపోతే అర మార్కు కోసేదాన్ని.

గృహప్రవేశం ముహూర్తం తెల్లవారుజామున 5:20కి. మా మేనమామ పీలేరు నుంచి మూడింటికే బయల్దేరి ఇన్నోవాలో వచ్చాడు. మనిషి నూరు కేజీలు తక్కువుండడు, పట్టుపంచె, భుజం మీద కండువా. పుట్టింటి సారె మొత్తం ఆ బండిలోనే ఉంది, పాలు పొంగించాల్సిన ఇత్తడి గిన్నెతో సహా. నేనే పైనుంచి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను, "మామా, రోడ్డు మీద ఎందుకు, మన స్లాటు ఉంది, ఆరో నంబరు, లోపల పెట్టేయ్" అని.

వాచ్‌మన్ "రానీ... రానీ... రానీ... చాలు!" అన్నాడు. అద్దాలు మడిచి, మామ ముక్కుసూటిగా లోపలికి పెట్టాడు. కుడివైపు పిల్లరు. ఎడమవైపు సంపు మోటారు కోసం కట్టిన చిన్న గోడ. డ్రైవర్ తలుపు తీస్తే పిల్లరుకు టక్కుమని తగిలింది, జానెడు కూడా తెరుచుకోలేదు. అటువైపు అంతే. సరే వెనక్కి తీద్దామంటే, ఈలోపు వంటవాళ్ల బండి వచ్చి సరిగ్గా వెనకాలే ఆగింది. డేగిశాలు దించేసి డ్రైవరు టీకి పోయాడు, ఫోను చూస్తే బండిలోనే మోగుతోంది.

పైన అయ్యవారు "గిన్నె ఏదమ్మా, టైమవుతోంది" అంటున్నారు. నాకు టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. చివరికి డిక్కీ తీయించాం. మా మామ డ్రైవర్ సీటులోంచి మధ్య సీటుకి, అక్కణ్ణుంచి వెనక సీటు మీదుగా, సారె బుట్టల మధ్యలోంచి, పంచె ఒక చేత్తో గిన్నె ఒక చేత్తో పట్టుకుని ఎలాగో బయటపడ్డాడు. ఆ డిక్కీకీ వంటబండికీ మధ్య మూడడుగుల సందుంది కాబట్టి సరిపోయింది, లేకుంటే మా ఇంట్లో పాలు పొంగేవే కావు. దిగీ దిగగానే ఆయనన్న మాట: "ఏం పాపా, లక్షన్నర ఇచ్చి కొనింది దీన్నేనా?" చుట్టాలంతా ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా ముందు అదే అడుగుతారు, ఆరో నంబరు ఎట్లా ఉందమ్మా అని.

మర్నాడు టేపు తెచ్చి కొలిచాను. వెడల్పు 7 అడుగుల 4 అంగుళాలు, పొడవు 14 అడుగులు. గుణించి చూడండి, 102 చదరపు అడుగుల పైచిలుకు. దస్తావేజు ప్రకారం నాకు రెండు చదరపు అడుగులు ఎక్కువే ఇచ్చారు! మోసం అని అనడానికి కూడా లేదు. కానీ ఇన్నోవా పొడవే 15 అడుగులు. వెడల్పు 1.77 మీటర్లు. నా స్లాటు వెడల్పు 2.23 మీటర్లు. అంటే అటూ ఇటూ కలిపి 46 సెంటీమీటర్లు మిగులుతుంది, అందులో మనిషి దిగాలి. ఇంజనీర్లు ఒక కారుకు మామూలుగా వేసుకునే లెక్క రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. అది దాదాపు 135 చదరపు అడుగులు. తిప్పుకోవడానికి దారి మళ్లీ వేరే. మరి ఈ వంద ఎక్కడ పుట్టిందో, అందరి దస్తావేజుల్లోకి ఎట్లా చేరిందో ఆ దేవుడికే ఎరుక.

ఇది ఎందుకిలా అవుతుందంటే నాకు అర్థమైనంతలో కారణం ఒక్కటే. మన ఇళ్లు పైనుంచి కిందికి గీస్తారు. బెడ్‌రూము పదమూడు అడుగులు కావాలి అంటాం, ఆ గోడల మూలల్లో పిల్లర్లు పడతాయి, అవే పిల్లర్లు కింద స్టిల్టులోకి దిగుతాయి. పదమూడు అడుగుల గది కింద ఒక కారు పెడితే చోటు మిగిలిపోతుంది, రెండు పెడితే చాలదు. రెండు కార్లు హాయిగా పట్టాలంటే పిల్లర్ల మధ్య ఖాళీనే పదహారున్నర అడుగులుండాలి. ఈ మాట ఫౌండేషన్‌కి ముందు అనుకుంటే గది కాస్త అటో ఇటో జరుగుతుంది. స్లాబు పడ్డాక పిల్లరును ఎవరు జరుపుతారు? మా ఆరో నంబరు పిల్లరు సరిగ్గా మా పై ఫ్లాటు వాళ్ల పూజగది మూల కింద ఉంది, కాబట్టి దాన్ని తిట్టడానికి కూడా నోరు రాదు.

రూల్సులో ఈ సంగతి లేదా అంటే, ఉంది. అప్పట్లో నడిచినవి 2012 నాటి జీవో 168 రూల్సు. ఇప్పుడు మీకు వర్తించేది 2017లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్, జీవో 119. కట్టే విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కు చూపాలని అడుగుతారు. శాతం, విస్తీర్ణం. మా టైములోని రూల్సులో స్లాట్లు గుర్తులు పెట్టి ఉండాలని, బండి వచ్చి తిరిగి పోవడానికి సరిపడా దారి ఉండాలని రాసే ఉంది, పార్కింగ్‌లో పదో వంతు చుట్టపక్కాల బండ్లకు వదలాలని కూడా ఉంది. మా అపార్ట్‌మెంటులో ఆ పదో వంతు ఎక్కడుందో పదేళ్లయినా కనిపెట్టలేదు, బహుశా జనరేటరు కింద ఉండొచ్చు. మా ప్లాను కాగితంలో ఆరో నంబరులో బుల్లి కారు బొమ్మ ముద్దుగా గీసి ఉంది. కాగితం మీది కారుకు తలుపులు తెరవాల్సిన పని లేదు కదా.

పైగా కార్లు లావెక్కాయి. మా నాన్న కాలం మారుతీ 800 వెడల్పు 1.44 మీటర్లు. ఇప్పుడు ప్రతి సందులో కనిపించే క్రెటా 1.79. ముప్పై అయిదు సెంటీమీటర్లు! అదే స్లాటు, అదే పిల్లరు, మనిషి దిగే చోటును కారు తినేసింది. మనుషులం కూడా సన్నబడలేదు, అది వేరే సంగతి.

లోపల పట్టని బండి ఎక్కడికి పోతుంది? రోడ్డు మీదికి. అసలే మనది తిరుపతి. తమిళుల పెరటాసి నెల శనివారాలొస్తే తమిళనాడు బండ్లు, సెలవులొస్తే కర్ణాటక బండ్లు, గరుడసేవ రోజైతే ఇక చెప్పనక్కరలేదు. యాత్రికులను నేనేమీ అనను, వాళ్లు స్వామి కోసం వచ్చినవాళ్లు, ఒక రాత్రి ఉండి పోతారు. ఏడాదంతా మా వీధిలో అడ్డంగా ఉండేవి మా వీధివాళ్ల బండ్లే. ప్రతి ఇంటి ముందూ రెండు బండరాళ్లు, ఒక పాత పూలకుండీ, "గేటు ముందు బండి పెడితే గాలి తీయబడును" అని ఒక బోర్డు. రోడ్డు వాళ్ల తాతదైనట్టు! ఆ బోర్డు రాయించినాయన ఇంటి స్టిల్టులో ఏముందో తెలుసా, సిమెంటు బస్తాలు, పాత సోఫా, అద్దెకిచ్చిన ఒక గది. ఆయన కారు ఎదురింటి గోడ వారన ఉంటుంది.

ఇంకొకటి, ర్యాంపులు. స్టిల్టును రోడ్డుకంటే రెండడుగులు లేపి, ఆ వాలును తమ స్థలంలో వేసుకోకుండా కాలువ దాటించి రోడ్డు మీదికి పరుస్తారు. ఒక ఇంటిని చూసి పక్కింటివాళ్లు. కాలువ మూసుకుపోతుంది. 2021 నవంబరు వానల్లో ఊరు ఎట్లా మునిగిందో చూశాం కదా. మా వీధి నీళ్లు పోవడానికి దారి లేక నేరుగా కిందున్న సెల్లార్లలోకి దిగాయి. మీరు ర్యాంపు వేసుకోండి, కానీ మీ గేటు లోపలే. అందుకోసం ముందువైపు ఇంకో నాలుగడుగులు పోతే పోనీయండి.

డబ్బు విషయం కూడా చెప్పేస్తాను, ఎవరైనా ఫ్లాటు కొనేవాళ్లు ఇది చదువుతుంటే పనికొస్తుంది. 2010లో ముంబయి వైపు కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు స్టిల్టు పార్కింగ్ అందరి ఉమ్మడి స్థలం, బిల్డరు దాన్ని ఫ్లాటులా విడిగా అమ్ముకోవడానికి లేదని చెప్పింది. అది అక్కడి చట్టం మీద ఇచ్చిన తీర్పే, కానీ మాకు 2014లో ఆ సంగతి తెలిసుంటే కనీసం బేరమన్నా ఆడేవాళ్లం. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కూడా పైకప్పు లేని పార్కింగ్‌ను ఉమ్మడి స్థలంలోనే లెక్కేసింది. కాబట్టి ఎవరైనా గేటు పక్కన ఎండలో చోటు చూపించి లక్ష అడిగితే నవ్వి వచ్చేయండి.

ఇప్పుడు మీ షాపులు. అంకణం అంటే మన దగ్గర 36 చదరపు అడుగులు కాబట్టి 60 అంకణాలంటే 2160, అంటే 240 గజాలు. (నెల్లూరు వాళ్లకు చెప్పేటప్పుడు జాగ్రత్త, వాళ్ల అంకణం 72, మీది రెట్టింపు సైటు అనుకుంటారు.) ప్లానులో పార్కింగ్ అని చూపించి, తర్వాత షట్టర్లు పెడితే ఏమవుతుందంటే, పార్కింగ్ చోటును ఇంకోదానికి వాడితే తీసిపారేయవచ్చని రూల్సులోనే ఉంది. పైగా ప్లాను తప్పి కట్టిన మిగతావాటికైతే జరిమానా కట్టి క్రమబద్ధం చేసుకునే బీపీఎస్ లాంటి పథకాలు అప్పుడప్పుడు వస్తుంటాయి, కానీ 2015లో వచ్చినదాంట్లో ప్లానులో పార్కింగ్‌కు చూపిన చోటుకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. సెట్‌బ్యాకు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) మింగినోడికి దొరికిన మాఫీ పార్కింగ్ మూసినోడికి దొరకలేదన్నమాట. నిజంగా షాపులే కావాలంటే మొదటి నుంచీ వాటిని చూపించి ప్లాను పెట్టండి, దానికి పార్కింగ్ లెక్క వేరే ఉంటుంది.

ఒక్క స్కూటరే ఉందన్నారు. మీకు. పైన రెండు పోర్షన్లకు అద్దెకొచ్చేవాళ్లకు? మీ అబ్బాయికి రేపు ఉద్యోగమొస్తే? మాకూ 2014లో ఒక స్కూటరే. 2019లో స్విఫ్ట్ కొన్నాం, ఆరో నంబరులో పెట్టి దిగాలంటే నేను ముందే గేటు దగ్గర దిగిపోవాలి, మా ఆయన పొట్ట లోపలికి పీల్చుకుని ఎడమవైపు నుంచి వస్తారు.

కాబట్టి మేస్త్రీ ఫౌండేషన్‌కి ముగ్గు పోసే రోజు మీరు దగ్గరుండండి. పిల్లర్ల గుర్తులు వేశాక ఇంకో దోసెడు ముగ్గు తీసుకుని, వాటి మధ్య ఎనిమిదింబావు అడుగుల వెడల్పు, పదహారున్నర అడుగుల పొడవున్న గళ్లు గీయండి. తెలిసినవాళ్ల పెద్ద కారు ఒకటి తెప్పించి ఆ గళ్లలో పెట్టించి, నాలుగు తలుపులూ తీయించి, మీ ఇంట్లో లావుగా ఉన్నవాళ్లను దిగమనండి. పిల్లరు గుర్తు మీద తలుపు పడితే ఆ రోజే జరిపించండి, ముగ్గే కదా, చెరిపి మళ్లీ పోస్తారు. మేస్త్రీ నవ్వుతాడు, నవ్వనీయండి.

మీ సైటు ముందు రోడ్డు ఎన్ని అడుగులో రాయలేదు. ఎంత ఎత్తు కట్టనిస్తారు, ఎంత సెట్‌బ్యాకు వదలాలి అన్నది దాన్నిబట్టి, ప్లాటు సైజునిబట్టి మారుతుంది. మూడు అంతస్తుల లెక్క ఆ తర్వాతే. అది కింద రాయండి, స్టిల్టులో ఎన్ని గళ్లు పడతాయో నేనే గీసి చూపిస్తాను.