ఏ బాధా లేకపోయినా కేన్సర్ పరీక్ష ఎందుకు, ఆ తర్వాత ఎవరు చూస్తారు?

చంద్రగిరి దగ్గరి పల్లెలో ఉండే 45 ఏళ్ల మీ అమ్మగారికి ఏ బాధా లేకపోయినా డాక్టరుగారు కేన్సర్ పరీక్షలు చేయించుకోమన్నారని, అవి అవసరమా అని అడిగారు. తప్పకుండా అవసరమే. జాతీయ కార్యక్రమం ప్రకారం 30 ఏళ్లు దాటినవారికి నోటి కేన్సర్ కోసం, స్త్రీలకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్ల కోసం కూడా పరీక్ష చేస్తారు. ముందుగా ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి వయసు, పొగాకు అలవాటు వంటి వివరాలు రాసుకుంటారు. ఆరోగ్య కేంద్రంలో గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి, ఎక్కడైనా తెల్లబడిందేమో చూస్తారు. తెల్లబడినంత మాత్రాన కేన్సర్ అని కాదు. కాల్పోస్కోపీ (ఆ భాగాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరీక్ష), అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేశాకే అసలు సంగతి తేలుతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. ఈ పరీక్షల కోసం తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి రాసిచ్చిన చీటీ, కూలి పోతుందనో భయంతోనో, ఇంట్లోనే ఉండిపోవచ్చు. అందుకే మంచి డాక్టరు మీ అమ్మగారి పేరును రిజిస్టరులో ఉంచి, వెళ్లారో లేదో ఏఎన్‌ఎం (గ్రామ ఆరోగ్య కార్యకర్త) ద్వారా ఆరా తీసి, ఫలితం వచ్చాక తానే కూర్చోబెట్టి వివరిస్తారు. అంతా బాగుంటే మళ్లీ ఐదేళ్లకు పరీక్ష. ఈలోగా అసాధారణ రక్తస్రావమో, రొమ్ములో గడ్డో, నోట్లో మానని పుండో కనిపిస్తే మాత్రం ఆ గడువు కోసం ఆగకుండా వెంటనే చూపించండి.