కంకరలో డస్టు ఉండాలా, వద్దా?

ఇల్లు కట్టుకుంటున్న పాఠకుల ప్రశ్నలకు గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ సైట్ ఇంజనీరు జవాబులు

ప్రశ్న: నల్లపాడు దగ్గర ఐదు సెంట్లలో గ్రౌండ్ ప్లస్ వన్ మొదలుపెడుతున్నాం. నేల నల్లరేగడి, ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు పడుతుంది. నాలుగడుగులు తవ్వి, గుంటలో అడుగు మందం 40 ఎం.ఎం. కంకర పోసి దిమ్మిస కొడితే చాలు, ఇంకా లోతుకు వెళ్లడం డబ్బు దండగ అంటున్నాడు మా మేస్త్రీ. నిజమేనా సార్?
– కె. ఎస్., గుంటూరు

జవాబు: నిజం కాదు బాబూ. అలాగని మీ మేస్త్రీకి పని రాదనీ అనను. ఎర్రనేలల్లో, గట్టి నేలల్లో పనిచేసి వచ్చిన మనిషై ఉంటాడు. అక్కడ నడిచిన పద్ధతి రేగడిలో నడవదు.

వట్టి 40 ఎం.ఎం. కంకర పోస్తే రాయికీ రాయికీ మధ్య దాదాపు 40 శాతం ఖాళీయే ఉంటుంది. దిమ్మిస ఎంత కొట్టినా ఆ ఖాళీ పెద్దగా తగ్గదు. చుట్టూ ఉన్న రేగడి నీటిని ఓ పట్టాన కిందికి పోనివ్వదు. ఇక వాననీరు, బాత్‌రూమ్ లీకేజీ, మొక్కలకు పోసే నీళ్లు, అన్నీ మెల్లగా వచ్చి ఆ ఖాళీల్లో చేరతాయి. ఫుటింగ్ కింద, అంటే పునాది అడుగు దిమ్మ కింద, మీరే ఓ నీళ్ల తొట్టి కట్టించుకున్నట్టు అవుతుంది. రేగడి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇల్లంతా ఒకేలా లేచి ఒకేలా దిగితే ఏ గొడవా లేదు. కానీ బాత్‌రూమ్ వైపు లేస్తుంది, వీధి వైపు లేవదు. అప్పుడు కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు మొదలవుతాయి. వానాకాలం తలుపు పట్టేస్తే చెక్క ఉబ్బిందని వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తారు మనవాళ్లు. చాలా ఇళ్లలో ఉబ్బింది చెక్క కాదు, కింద నేల.

ముందు స్థలంలో ఓ మూల గుంట తవ్వించి చూడండి. నల్లమట్టి ఎక్కడ ఆగిపోయి గరుసు నేల తగులుతుందో టేపు పెట్టి కొలవండి. ఆరేడు అడుగుల్లో తగిలితే ఫుటింగ్ అక్కడ కూర్చోబెట్టండి. ఎంత దిగినా నల్లమట్టే వస్తుంటే అండర్ రీమ్డ్ పైల్స్ మంచి దారి. అడుగున గంటలా వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభాలవి. ఆ వెడల్పు మామూలుగా స్తంభం వ్యాసానికి రెండున్నర రెట్లు ఉంటుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల కోసమే తయారుచేసిన పద్ధతి అది. రేగడి బాగా లోతుగా ఉన్నచోట ఆ పైల్ కనీసం మూడున్నర మీటర్లు దిగాలి, ఎందుకంటే వానకూ ఎండకూ నేల కదలడం పై పొరల్లోనే ఎక్కువ. ఎంత లోతు, ఎన్ని పైల్స్ అన్నది సాయిల్ టెస్ట్ రిపోర్టు చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. పత్రికలో ఉత్తరం చదివి నేను చెప్పకూడదు, మేస్త్రీ అసలే చెప్పకూడదు.

కంకర మీద పెడదామనుకున్న డబ్బు ఎర్ర గ్రావెల్ మీద పెట్టండి. ఫుటింగ్ పోశాక గుంటలు పూడ్చడానికి తవ్విన నల్లమట్టే మళ్లీ తోసేస్తారు, పక్కనే ఉందిగదా అని. బేస్‌మెంట్ లోపల కూడా అదే నింపుతారు. రెండేళ్లకు హాల్లో టైల్స్ గుల్లగా మోగి పైకి లేస్తాయి. నింపడానికి చేబ్రోలు, వడ్లమూడి వైపు నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ తెప్పించి, ఆరంగుళాలకో పొరగా పరిచి, తడిపి, దిమ్మిస కొట్టించండి. రేగడి మీద ఇసుకలాంటి వదులు సరుకు పరిస్తే ఉబ్బు ఆగదనీ, కాస్త బంక ఉండి తాను ఉబ్బని మట్టిని మందంగా వేస్తే ఆగుతుందనీ ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి చేసిన పరిశోధనలు చూపించాయి. కాలవల లైనింగ్ కింద ఆ పద్ధతి వాడుతున్నారు. మంచి ఎర్ర గ్రావెల్ ఆ కోవకు దగ్గరి సరుకే, అయితే లోడుకో రకంగా ఉంటుంది. కొంచెం తడిపి ఉండ చేయండి. ఉండ నిలవాలి, ఆరాక పగుళ్లు విచ్చకూడదు. అసలు నిలవకపోతే వట్టి గరప, విచ్చితే అందులో రేగడి కలిసింది.

ఇక మీ 40 ఎం.ఎం. కంకరకు చోటు లేకపోలేదు. ఫుటింగ్ కింద నాలుగంగుళాల పీసీసీ బెడ్‌లో, అంటే కమ్ములు లేని కాంక్రీటు పరుపులో, సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్లలో వాడండి. సిమెంటు, ఇసుక ఆ ఖాళీలను పూడుస్తాయి కాబట్టి భయం లేదు. ఆపైన కమ్ముల కాంక్రీటంతా 20 ఎం.ఎం.తోనే, ఎం20 గ్రేడుకు తగ్గకుండా. కమ్ముల కింద కంకర పలుకులు ఎత్తు పెట్టనివ్వకండి. ఫుటింగ్‌కు 50 ఎం.ఎం. కవర్, అంటే కమ్మి బయట కాంక్రీటు మందం, ఉండాలని కాంక్రీటు పనుల ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతోంది. అందుకు కవర్ బ్లాకులు దొరుకుతాయి, పెద్ద ఖరీదు కూడా కాదు.

ప్రశ్న: కంకిపాడు దగ్గర మా పొలంలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. రోడ్డు నుంచి ఇంటిదాకా అరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు దారి. శుభ్రమైన 20 ఎం.ఎం. కంకర, డస్టు అసలు లేకుండా ఏరి మరీ తెప్పించి పరిపించాను. కారు చక్రాలు దిగబడుతున్నాయి, మా ఆయన స్కూటర్ రెండుసార్లు పడేశారు. వాన పడ్డాక సగం కంకర బురదలో కలిసిపోయింది. సరుకు మంచిది కాదా?
– ఒక పాఠకురాలు, కంకిపాడు

జవాబు: సరుకు మంచిదేనమ్మా, స్లాబ్ పోసుకోవడానికి. దారికి మాత్రం పనికిరాదు. ఒకే సైజు రాళ్లు, మధ్యలో పొడి లేదు. అలాంటి కంకరను ఎంత రోలింగ్ చేసినా పట్టు కుదరదు, చక్రం కింద పక్కకు జరిగిపోతుంది. కాంక్రీటులో రాయికి డస్టు అంటుకుని ఉంటే సిమెంటు సరిగా పట్టదు, నీళ్లు ఎక్కువ అడుగుతుంది, అందుకని అక్కడ వద్దంటాం. దారి సంగతి తిరగబడుతుంది. పెద్ద రాళ్ల మధ్య చిన్న రాళ్లు, వాటి మధ్య పలుకులు, ఆ సందుల్లో డస్టు పడితేనే పొర బిగుస్తుంది. ఏటి గులకరాళ్లు వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే అసలు వినకండి. చూడ్డానికి బాగుంటాయి గానీ గుండ్రటి రాయి ఇంకో రాయిని పట్టుకోదు. క్రషర్లో పగిలిన కోసు రాయే కావాలి.

బురదలో కలిసిపోవడం వేరే జబ్బు. కింద మెత్తటి బంకమట్టి ఉంటే బరువు పడ్డప్పుడల్లా కంకర కిందికి దిగుతుంది, బురద సందుల్లోంచి పైకి వస్తుంది. పైన ఇంకో లోడు పోస్తే అదీ మునుగుతుంది. అందుకే ముందు ఉన్న కంకరను ఓ పక్కకు తీయించండి, పారేయొద్దు. పైమట్టి ఓ ముప్పావు అడుగు ఎత్తించి, మూడు నాలుగంగుళాల మందం క్రషర్ డస్టో ఇసుకో పరిపించండి. జియోటెక్స్‌టైల్ గుడ్డ దొరికితే అదీ పరచొచ్చు. దాని మీద ఆరంగుళాలు ఎర్ర గ్రావెల్, తడిపి రోలింగ్. ఆపైన రోడ్లకు వాడే జీఎస్‌బీ, అంటే పెద్ద చిన్న కంకర డస్టుతో కలిపి వచ్చే సరుకు, ఓ ఆరంగుళాలు. చివర్లో మూడంగుళాలు వెట్ మిక్స్, అంటే కంకర, డస్టు నీళ్లతో కలిపిన సరుకు. మీ 20 ఎం.ఎం. కంకరలో డస్టు, 6 ఎం.ఎం. చిప్స్ కలిపి ఆ పై పొరలోకి సర్దేయొచ్చు.

ఒక్కో ఆరంగుళాల పొరకు లెక్క చూసుకోండి. 60 అడుగులు, 10 అడుగులు, అర అడుగు మందం అంటే 300 ఘనపుటడుగులు, మూడు యూనిట్లు. అది బిగిశాక ఉండాల్సిన మందం. రోలింగ్‌లో అణుగుతుంది కనుక పావు వంతు ఎక్కువ చెప్పండి, నాలుగు యూనిట్లకు కాస్త తక్కువ. దారి మధ్య ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉండాలి. లేదా మొత్తం ఒక పక్కకే వాలు పెడితే పదడుగుల వెడల్పుకు మూడంగుళాలు సరిపోతుంది. అంచుల్లో రాయి గానీ సిమెంటు దిమ్మెలు గానీ పాతకపోతే మాత్రం ఈ ఖర్చంతా పక్క చేలోకి జారిపోతుంది. మీ ఆయన్ని పని పూర్తయ్యేదాకా స్కూటర్ నడిపించుకుంటూ తీసుకెళ్లమనండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఇల్లు మునిగింది. పార్కింగ్‌ను రెండడుగులు లేపుదామనుకుంటున్నాం. పక్క వీధిలో ఇల్లు పడగొడుతున్నారు, ఆ రబ్బీష్ ఊరికే ఇస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు, సింగ్ నగర్, విజయవాడ

జవాబు: ఊరికే వచ్చేదాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే. ఏరుకుంటే కొంత పనికొస్తుంది. కాంక్రీటు పెళ్లలను మూడంగుళాల లోపుకు పగలగొట్టించి అడుగు పొరలో వేసుకోవచ్చు, సందుల్లో గ్రావెల్ కూరితే. ఇటుక ముక్కలు నీళ్లు పీలుస్తాయి, మెత్తబడతాయి. ప్లాస్టర్ పొడి, సీలింగ్ పీఓపీ ముక్కలు, చెక్క, ప్లాస్టిక్ అసలు వద్దు. చెక్క కుళ్లిన చోట ఖాళీ పడి, పైన కారు పెట్టిన రోజున గచ్చు కూర్చుంటుంది. మిగతా ఎత్తంతా ఎర్ర గ్రావెల్, ఆరంగుళాలకో పొర, ప్లేట్ కాంపాక్టర్ అద్దెకు తెచ్చి కొట్టించాలి. రెండడుగులు ఒకేసారి పోసి నీళ్లు వదిలితే అణిగిపోతుందనే మాట నమ్మకండి. పైన నాలుగంగుళాలు అణుగుతుంది, కింద అలాగే ఉంటుంది.

నాకు అంతకన్నా బెంగ పెట్టే విషయం మీరు రాయలేదు. ఇంటి గోడలో డీపీసీ, అంటే చెమ్మ పైకెక్కకుండా వేసే పొర, ఏ ఎత్తులో ఉందో చూశారా? పార్కింగ్ లెవెల్ దాన్ని దాటితే నేలలో చెమ్మ నేరుగా గోడకెక్కుతుంది, పెయింటు పెచ్చులూడుతుంది. అలాంటి చోట గోడకు ఆనించి పోయకుండా వాటర్‌ప్రూఫింగ్ చేయించి, గోడ పక్కన చిన్న డ్రెయిన్ వదలాలి. అప్పటి వరదలో మీ వైపు కింది వాటాలు మునిగాయి. రెండడుగుల పార్కింగ్ అలాంటి నీటిని ఆపదు. మామూలు వానకు వీధి నీళ్లు లోపలికి రాకుండా మాత్రం ఆపుతుంది. ఆ లెక్కతోనే ఖర్చు పెట్టండి. కరెంటు మీటరు, మోటారు స్టార్టరు పైకి మార్పించడం దానికన్నా ముందు చేయాల్సిన పని.

ప్రశ్న: ఇంకుడు గుంతలో మిగిలిపోయిన జీఎస్‌బీ వేయొచ్చా?
– ఆర్. పి., తాడేపల్లి

జవాబు: వద్దు. అందులో డస్టు నీళ్ల దారి మూసేస్తుంది. కడిగిన 40 ఎం.ఎం. కంకర అడుగున, 20 ఎం.ఎం. దాని మీద, పైన ముతక ఇసుక. ఏటా వానలకు ముందు ఆ ఇసుక పైపొర తీసి మార్చుకోండి.

ప్రశ్న: కంకర లోడు వచ్చినప్పుడు కొలత సరిగ్గా ఉందో, రాయి మంచిదో ఎలా తెలుసుకోవాలి? నేను టీచర్ని, ఇవేవీ తెలియవు. అడిగితే డ్రైవర్ నవ్వుతున్నాడు.
– ఎం. వి., గొల్లపూడి

జవాబు: టేపు తీసుకుని టిప్పర్ పక్కన నిలబడండి, నవ్వు ఆగిపోతుంది. లోడు దించకముందే తొట్టి లోపలి పొడవు, వెడల్పు, సరుకు ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించండి. 100 ఘనపుటడుగులు ఒక యూనిట్. మధ్యలో గోపురంలా ఎత్తుగా పోసి అదే ఎత్తు మొత్తానికి కట్టేస్తారు. ఓ కట్టెతో పైన చదును చేయించి అప్పుడు ఎత్తు చూడండి. టన్నుల్లో అమ్మితే వే బ్రిడ్జి చీటీ అడగండి. పొడి 20 ఎం.ఎం. కంకర యూనిట్‌కు నాలుగుంపావు టన్నుల దరిదాపుల్లో తూగుతుంది. తడిపి తెచ్చిన లోడులో నీటి బరువుకు కూడా మీరే డబ్బు కడతారు.

రాయి విషయానికొస్తే, మీ చుట్టుపక్కల కొండల్లో రెండు రకాలు ఎక్కువ. చార్నకైట్ నీలిఛాయ ఉన్న నల్లరాయి, గట్టిది. ఖోండలైట్ గాలికీ నీటికీ మెత్తబడి ఎర్రబారే రకం. దొనబండ, పరిటాల వైపు క్రషర్ల నుంచి వచ్చిందని చెప్పినంత మాత్రాన సరుకు మంచిదైపోదు. క్వారీ పైపొర రాయి కలిసిందేమో చూడాలి. ఓ పది రాళ్లు ఏరి సుత్తితో కొట్టండి. ఖంగున మోగి కోసుగా పగిలితే మంచిది. పొడిగా రాలితే, లోపల తుప్పు రంగు చారలుంటే వద్దు.

తర్వాత ఆకారం. నలుపక్కలా ఇంచుమించు సమంగా ఉన్న రాయి కావాలి. బిళ్లల్లా పలచగా, సూదుల్లా పొడుగ్గా ఉన్నవి ఎక్కువైతే కమ్ముల మధ్య ఇరుక్కుని కాంక్రీటులో బొర్రలు పడతాయి. కంకర ప్రమాణం ఐ.ఎస్. 383 ప్రకారం ఆ రెండు రకాలూ కలిపి 40 శాతం మించకూడదు. ఓ బకెట్‌లో రెండు దోసిళ్ల కంకర వేసి నీళ్లు పోసి కలపండి. నీళ్లు కొద్దిగా మసకబారితే ఫరవాలేదు. మజ్జిగలా చిక్కబడితే స్లాబ్ పనికి వాడేముందు ఆ లోడంతా పైపుతో కడిగించాలి, లేదంటే వెనక్కి పంపాలి. వెనక్కి పంపాలంటే టిప్పర్ ఎత్తకముందే చెప్పండి. ఒకసారి వీధిలో దించాక ఎవరూ ఎత్తుకుపోరు.